పదును నాలుగు వేళ్ళు

మొదటి రోజు: హైదరాబాదు నుంచి అనంతపురం

"చెరువులో నీళ్ళుండాయి పాపా, చేన్లో మాత్రం పదును లేదు. ఒకసారి వచ్చి చూసిపో" అన్నాడు చిన్నాన్న ఫోన్లో. పదునంటే విత్తనానికీ పైరుకూ సరిపడా నేలలో ఉండే తడి. చిన్నాన్నకు అరవై దాటాయి. కరువు కొత్త కాదు, వరదా కొత్త కాదు. ఆ రెండూ ఒకే ఊళ్ళో ఒకే నెలలో ఉండటమే ఆయనకు అంతుపట్టడం లేదు. సంక్రాంతికి తప్ప నేను ఊరికి పోవడం మానేసి చాలా కాలమైంది. ఉత్తర కార్తెలో, చెనక్కాయ (వేరుశనగ) చేను పచ్చగా ఉండాల్సిన రోజుల్లో వెళ్ళి పదేళ్ళు దాటింది. ఆఫీసులో ఐదు రోజులు సెలవు పెట్టి, పొద్దున్నే ఐదున్నర బస్సెక్కాను.

బీచుపల్లి దగ్గర కృష్ణ నిండుగా పారుతోంది. కిటికీల్లోంచి ఇద్దరు ముగ్గురు నదిలోకి రూపాయి బిళ్ళలు వేసి దణ్ణం పెట్టుకున్నారు. ఈ నీళ్ళు ఇక్కడి వానవి కావు. ఎక్కడో పడమటి కనుమల్లో కురిసి, మహారాష్ట్ర, కర్ణాటక దాటి వచ్చినవి. ఇప్పుడు అనంతపురం జిల్లాకు పెద్ద ఆధారం ఇవే. శ్రీశైలం వెనుక జలాలను మాల్యాల దగ్గర ఎత్తిపోసి, హంద్రీ-నీవా కాలువలో పంపింగు స్టేషను తర్వాత పంపింగు స్టేషనుగా మా జిల్లాలోని జీడిపల్లి జలాశయం దాకా తోస్తారు. కనుమల్లో వాన తగ్గితే ఇక్కడ చెరువు తగ్గుతుంది. అనంతపురం రైతు ఆకాశం వైపు చూస్తే సరిపోయే రోజులు పోయాయి. ఐదారు వందల కిలోమీటర్ల అవతల ఎవరి ఆకాశం ఎలా ఉందో కూడా చూసుకోవాలి.

కర్నూలు వంతెన మీదికి రాగానే నాకు ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. 2009 అక్టోబరు 2న నేను ఆ ఊళ్ళోనే ఉన్నాను, డిగ్రీ రెండో సంవత్సరం. తుంగభద్ర, హంద్రి ఒక్కసారిగా ఊళ్ళోకి వచ్చాయి. హాస్టల్ కింది అంతస్తు మునిగింది. మేమంతా మేడ మీద రెండు రాత్రులు గడిపాం. చీకట్లో గేదెల అరుపులు వినిపించేవి, తర్వాత అవీ ఆగిపోయాయి. శ్రీశైలం ఆనకట్టకు అప్పటిదాకా ఎన్నడూ లేనంతగా 25 లక్షల క్యూసెక్కుల వరద వచ్చిందని తర్వాత పేపర్లో చదివాం.

అదే ఏడాది నైరుతి వానలు దేశం మొత్తం మీద 22 శాతం తక్కువ. 1972 తర్వాత అంత లోటు అదే. మా నాన్న వేసిన చెనక్కాయకు విత్తనం ఖర్చు కూడా రాలేదు. హాస్టల్ ఫీజుకు ఆయన వడ్డీకి డబ్బు తెచ్చింది సెప్టెంబరులో. ఆ ఫీజు కట్టిన పది రోజులకే నేను వరదలో చిక్కుకున్నాను. అప్పట్లో దాన్ని మా ఖర్మ అనుకున్నాం. ఇంట్లో అందరి నోటా అదే మాట.

గుత్తి కోట దాటాక పామిడి దగ్గర పెన్న. వంతెన పొడవు చూస్తే ఎంత పెద్ద నదో అనిపిస్తుంది. కింద మాత్రం ఇసుక, మధ్యలో ధోవతి అంచంత సన్నని నీటి పాయ. నంది కొండల్లో పుట్టి, నెల్లూరు దాటి సముద్రంలో కలిసే నది ఇది. చిన్నప్పుడు ఈ వంతెన మీద బస్సు ఆగితే కిందికి చూసి, "ఇది నది కాదు, ఇసుక దారి" అనేదాన్ని. నాన్న ఒప్పుకునేవాడు కాదు. "నీళ్ళు ఇసుక కింద పారుతుంటాయి, తవ్వితే తెలుస్తుంది" అనేవాడు. అప్పుడు అది నిజం. పెన్న, చిత్రావతి ఇసుకలో ఊట కాలువలు తవ్వి మడులకు నీళ్ళు పారించుకున్న ఊళ్ళు మా వైపు చాలా ఉండేవి.

సాయంత్రం నాలుగింటికి అనంతపురం చేరాను. బస్టాండుకు తమ్ముడు వచ్చాడు. చిన్నాన్న కొడుకు, బెంగళూరులో ఉద్యోగం. ఇంటి నుంచి పని చేసుకోవచ్చని నెల రోజులుగా ఊళ్ళోనే ఉన్నాడు. ఆ రాత్రికి టౌన్లో అత్తావాళ్ళింట్లో మకాం. సంగటి, ఊరుబిండి పెట్టింది. కడుపు నిండా తిని పడుకున్నాను.

రెండో రోజు: బుక్కరాయసముద్రం

ఉదయం ఉగ్గాని బజ్జీ తిని, టౌన్‌కు ఆనుకునే ఉన్న బుక్కరాయసముద్రం చెరువుకు వెళ్ళాం. ఊరు పేరులోనే సముద్రం ఉంది. 1364 ప్రాంతంలో, విజయనగర రాజు బుక్కరాయల కాలంలో, ఆయన మంత్రి చిక్క ఒడెయరు పండమేరు వాగుకు అడ్డంగా కట్ట వేయించాడని చెబుతారు. కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, రెండో కొసన అనంతసాగరం. ఆ అనంతసాగరమే నేటి అనంతపురం.

కట్ట మీద ఒక చోటును ముసలమ్మ కట్ట అంటారు. చెరువు తెగబోతుంటే ఊరి కోడలు ముసలమ్మ తనను తాను బలి ఇచ్చుకుని కట్టను నిలిపిందని కథ. చిన్నప్పుడు ఆ కథ వింటే ఏడుపొచ్చేది. ఇప్పుడు విన్నప్పుడు ఇంకో సంగతి తోచింది. కరువు సీమ అనుకునే చోట జనం తరతరాలుగా దాచుకున్న కథ దాహం గురించి కాదు, తెగిపోయే కట్ట గురించి. నీళ్ళు లేక చావడం ఎంత భయమో, ఒక్కసారిగా వచ్చిన నీళ్ళు నిలవకుండా పోవడమూ అంతే భయం.

కట్ట మీద వేపచెట్టు కింద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. వాళ్ళ నాయన పక్క ఊరి చెరువుకు నీరుగంటి. తూము తీయడం, మూయడం, ఎవరి మడికి ఎంతసేపు నీళ్ళో చూడటం ఆయన పని. "మా నాయన కట్ట మీద నిలబడి నీళ్ళ రంగు చూసి చెప్పేవాడు తల్లీ, ఇవి మెల్లగా వచ్చిన నీళ్ళా, పరిగెత్తి వచ్చిన నీళ్ళా అని. మెల్లగా వస్తే తేటగా ఉంటాయి. పరిగెత్తి వస్తే ఎర్రగా, చిక్కగా ఉంటాయి, ఒండ్రు మోసుకొస్తాయి. ఇప్పుడన్నీ ఎర్ర నీళ్ళే."

నేను ఆ మాట అక్కడే ఫోన్లో రాసిపెట్టుకున్నాను. ఈ చెరువులు కట్టిన వాళ్ళు వానను చాలా బాగా ఎరిగిన వాళ్ళు. ఒక చెరువు నిండి మరవ (అలుగు) పారితే ఆ నీళ్ళు కింది చెరువుకు, అది నిండితే ఇంకా కింది దానికి. పొడవాటి గొలుసు. చెరువు నిండితే కట్ట కింద బావులకు ఊట వచ్చేది. జడివాన పట్టి మూడు నాలుగు రోజులు ముసురుకుంటే ఆ గొలుసంతా నిదానంగా నిండుతుంది. ఒక్క రాత్రిలో నెల వాన కుమ్మరిస్తే మాత్రం పై చెరువు తెగుతుంది, దాని దెబ్బకు కిందిది కూడా. తెగకపోయినా ఆ ఎర్ర నీళ్ళు తెచ్చిన పూడిక అడుగున పేరుకుంటుంది. చూడటానికి చెరువు నిండుగానే ఉంటుంది, లోతు ఉండదు.

మా పక్క జిల్లా కడపలో పోరుమామిళ్ళ చెరువు శాసనం ఉంది, 1369 నాటిది. బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు వేయించింది. మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు అందులో రాశారు. వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ళ పాటు పనిచేశాయని కూడా చెక్కారు. నది, కొండల మధ్య సందు, గట్టి నేల, మంచి రాయి దొరికే గని అన్నీ లెక్కలోకి తీసుకున్నారు. ఆ లెక్కంతా అప్పటి వానను నమ్మి వేసింది. ఆ నమ్మకం చెదిరితే ఎంత పెద్ద కట్టయినా ఏం చేస్తుంది?

మధ్యాహ్నం టౌన్లోకి తిరిగొస్తుంటే తమ్ముడు నడిమి వంక చూపించాడు. 2022 అక్టోబరులో ఈ వంక పొంగి కాలనీలకు కాలనీలు మునిగాయి. అత్తావాళ్ళ వీధిలో మోకాళ్ళ పైదాకా నీళ్ళు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటని మేం స్కూల్లో చదువుకున్న చోట పడవలు తిరిగాయి. వంకలోకి ఇళ్ళు వచ్చాయి, నిజమే. అందుకు తప్పు మనదే. కానీ ఇళ్ళు పదేళ్ళ ముందూ ఉన్నాయి. అంత వాన మాత్రం ఒక్క రాత్రిలో అంతకు ముందు రాలేదని అత్త చెప్పింది. ఆమె ఆ ఇంట్లో ముప్పై ఏళ్ళుగా ఉంటోంది.

మూడో రోజు: కణేకల్లు

తెల్లవారుజామున ఐదింటికి తమ్ముడి బండి మీద బయల్దేరాం. కళ్యాణదుర్గం, రాయదుర్గం మీదుగా కణేకల్లు, నూరు కిలోమీటర్ల పైమాటే. దారి పొడుగునా గుట్టల మీద గాలిమరలు. రాయదుర్గం దాటాక మాటల్లో కన్నడం కలిసింది. టీ కొట్టు ఆమె కన్నడంలో పలకరించి, నా మొహం చూసి తెలుగులోకి మారింది.

కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో ఇసుక దిబ్బలున్నాయని పేపర్లలో ఎన్నోసార్లు చూశాను. కళ్ళతో చూడటం ఇదే మొదటిసారి. రోడ్డు దిగి తంగేడు పొదల మధ్య నుంచి నడుస్తుంటే కాళ్ళ కింద నేల మెత్తబడింది. ఇంకో వంద అడుగులు వేసేసరికి మడమలు దిగబడ్డాయి. తలెత్తితే ఎదురుగా ఇసుక కొండ. దాని మీద గాలి గీసిన గీతలు, తడి చీరను పిండి ఆరేస్తే పడే మడతల్లా, వరస తప్పకుండా. ఒక వేపచెట్టు సగం దాకా కూరుకుపోయి ఉంది. కొమ్మలు నా నడుము ఎత్తులో ఉన్నాయి. చేత్తో ఇసుక తీసుకుంటే వేడిగా, పిండిలా జారిపోయింది. సెప్టెంబరు చివర, వానాకాలంలో ఉన్నాం.

ఆ ఇసుక హగరి ఏటిది. వేదవతి అని కూడా అంటారు. కర్ణాటకలో బాబా బుడన్ కొండల దగ్గర పుట్టి ఇటు వస్తుంది. ఏరు పారినన్నాళ్ళూ ఇసుక తడిగా ఉంటుంది, కదలదు. ఏరెండితే ఇసుక తేలికవుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పడమటి గాలి మా జిల్లాలో ఎంత గట్టిగా వీస్తుందో అక్కడ పుట్టిన వాళ్ళకు చెప్పక్కర్లేదు. వాన తేవాల్సిన ఆ గాలి ఇక్కడికి వచ్చేసరికి మబ్బులను పడమటి కనుమల దగ్గరే ఖాళీ చేసుకుని, ఉత్త గాలిగా వస్తుంది. ఏట్లో ఇసుకను ఎత్తి తూర్పు గట్టు చేల మీద పోస్తుంది.

అక్కడ కనిపించిన రైతు ఒకాయన చెప్పాడు. "ఈ దిబ్బలు మా తాతలప్పుడు కూడా ఉండేవమ్మా. కానీ ఏరు ఏటా పారేది. పారినప్పుడు ఇసుక కొట్టుకుపోయేది కొంత. ఇప్పుడు ఏళ్ళకేళ్ళు పారదు. ఇసుక రావడమే కానీ పోవడం లేదు." ఏరు ఎండటానికి పైన కట్టిన ఆనకట్టలు, తోడేసిన బోర్లు కూడా కారణమే. అంతా వాతావరణం మీదికి నెట్టడం న్యాయం కాదు. మనిషి ముందే బలహీనపరిచిన ఏటి మీద వేడి వచ్చి కూర్చుందని నాకనిపించింది.

ఇదే ఏటి మీద చిత్రదుర్గం జిల్లాలో వాణీ విలాస సాగరం ఉంది, 1907లో పూర్తయింది. అది 1933లో ఒకసారి పొర్లింది. మళ్ళీ పొర్లింది 2022 సెప్టెంబరులో, 89 ఏళ్ళకు. ఆ నెలలో ఇక్కడ హగరి ఉగ్రంగా పారింది. ఇసుక దిబ్బల పక్కనే వరద చూశామని ఆ రైతు చేతులు చాచి చూపించాడు. ఏడాది తిరగకుండానే 2023 ఆగస్టు వచ్చింది. 1901 నుంచి లెక్కలున్నంతలో దేశంలో అతి తక్కువ వాన పడిన ఆగస్టు అది.

దిబ్బ దిగి పది నిమిషాలు బండి మీద పోతే వరి మళ్ళు! నేను నమ్మలేకపోయాను. తుంగభద్ర ఎగువ కాలువ నీళ్ళు. ఒక కంట ఎడారి, ఒక కంట కోనసీమ. కానీ ఆ పచ్చదనం కూడా ఎంత సన్నని దారం మీద వేలాడుతోందో అక్కడి వాళ్ళకు తెలుసు. తుంగభద్ర జలాశయం కట్టినప్పుడు 133 టీఎంసీలు పట్టేది. పూడిక చేరి చేరి అది 105 టీఎంసీల దగ్గరికి పడిపోయింది. కొండల మీద వాన ఎంత ఉధృతంగా పడితే అంత మట్టి కోసుకొస్తుంది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయినప్పుడు ఈ మళ్ళ వాళ్ళెవరూ నిద్రపోలేదట. నిండిన డ్యాము కళ్ళ ముందే ఖాళీ అవుతుంటే టీవీల ముందు కూర్చుని ఏడ్చామని ఒకావిడ చెప్పింది. వారం తిరగకముందే పారుతున్న నీళ్ళలోనే స్టాప్‌లాగ్ పలకలు దించి ఆపారు. ఆ పని దగ్గరుండి చేయించిన కన్నయ్య నాయుడు గారి పేరు ఆమె దేవుడి పేరులా తలచుకుంది.

తిరుగు దారిలో కళ్యాణదుర్గంలో టీ తాగి, రాత్రి తొమ్మిదిన్నరకు ధర్మవరం అవతల మా ఊరు చేరాం. నడుం విరిగిపోయింది.

నాలుగో రోజు: మా ఊరు

తెల్లారేసరికి చిన్నాన్న వాకిట్లో నిలబడి ఉన్నాడు. "కాఫీ తాగు, చేను కాడికి పోదాం."

ముందు చెరువు చూపించాడు. సగానికి పైగా నీళ్ళున్నాయి. ఆగస్టు రెండో వారంలో ఒక్క రాత్రి కొట్టిన వాన. ఆ రాత్రి వచ్చిన నీళ్ళే ఇవి, ఆ తర్వాత నలభై రోజులు చినుకు లేదు. మా పొలం చెరువుకు పైన ఉంది. చెరువు నీళ్ళు పైకి రావు.

చేన్లో కూర్చుని చిన్నాన్న ఒక చెనక్కాయ మొక్క పక్కన మట్టిని వేళ్ళతో తొలిచాడు. ఆకులు మధ్యాహ్నం కాకముందే ముడుచుకుని ఉన్నాయి. కాడల నుంచి సన్నని ఊడలు, సూది మొనంత, నేల వైపు వంగి ఉన్నాయి. ఒక ఊడను నా వేలి మీద పెట్టి చూపించాడు. కొస నల్లబడి, ఎండి ఉంది. పూత తర్వాత ఈ ఊడ నేలలోకి దిగితేనే కాయ. నేల రాయిలా ఉంటే దిగలేదు. గాల్లోనే ఎండిపోతుంది. "వానంతా కలిపితే తక్కువేం పడలేదు పాపా. మండలం లెక్కలో సరిపోయిందంట. ఈ ఊడకు ఎవరు చెప్పాల లెక్క?"

ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన సగటు. అందులో అరవై శాతం నైరుతిలోనే పడాలి. ఎండకూ గాలికీ నేల నుంచి, మొక్క నుంచి ఆవిరైపోగలిగింది దానికి రెండు మూడింతలు. అంటే మా నేల ఎప్పుడూ అప్పులోనే బతుకుతుంది. వాన విడతలు విడతలుగా పడితేనే ఆ అప్పు వడ్డీ కట్టుకుంటూ పంట చేతికొస్తుంది. మా పెద్దవాళ్ళ కార్తెల లెక్కంతా ఆ విడతల లెక్కే. "ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదు", "మఖ పుబ్బలు వరపైతే మీ అన్న సేద్యం నా సేద్యం మన్నే" అని వాళ్ళు అన్నది ఎంత కురిసిందని కాదు, ఎప్పుడు కురిసిందని. "ఉత్తర చూసి ఎత్తర గంప" అనేది మరీ కఠినమైన మాట. ఉత్తరలోనూ పడకపోతే గంప నెత్తిన పెట్టుకుని వలస పోవడమే. మా వీధిలో పన్నెండు ఇళ్ళుంటే నాలుగింటికి తాళాలు కనిపించాయి. అందరూ బెంగళూరు వైపే.

పొలం మూలన తాత తవ్వించిన బావి ఉంది. ఎడ్లతో నీళ్ళు తోడే కపిల తోలిన రాతి దిమ్మెలు ఇంకా నిలిచే ఉన్నాయి, తాడు రాసుకుని రాసుకుని పడిన గాడితో సహా. ఆ గాడిలో బొటనవేలు పెడితే సగం దూరింది. బావిలోకి తొంగి చూస్తే అడుగున రావి మొక్క, ప్లాస్టిక్ సంచులు. 1980ల్లో ఈ బావిలో నేను పుట్టక ముందు మా నాన్న ఈత నేర్చుకున్నాడు.

బావి తర్వాత బోర్లు. చిన్నాన్న ఏడు వేయించాడు. మొదటిది 180 అడుగులు, నీళ్ళు పడ్డాయి. ఆఖరిది 900 అడుగులు, పడలేదు. వేపపుల్లతో ఒకాయన, అరచేతిలో టెంకాయ పెట్టుకుని ఇంకొకాయన పాయింట్లు చూశారు. తిరుచెంగోడు నుంచి వచ్చిన బండి రాత్రంతా తొలిచింది. తెల్ల పొడి ఎగిరి ఇంటి ముందు తులసి కోట దాకా పడింది, తడి పొడి మాత్రం రాలేదు. "పొడి తడుస్తుందేమోనని తెల్లవార్లూ చేతిలోకి తీసుకుని నలుపుతూ ఉంటి" అని పిన్ని చెప్పింది. ఆ బోరు అప్పు ఇంకా తీరలేదు.

మా కింద ఉన్నది గట్టి గ్రానైటు రాయి. ఒండ్రు నేలల్లో లాగా నీళ్ళు నిలవ ఉండే చోటు తక్కువ. పైన కుళ్ళిన రాతి పొరలో కొంత, కింద పగుళ్ళలో కాస్త. పై పొరలోకి నీళ్ళు దిగాలంటే వాన నెమ్మదిగా పడాలి, నేల మీద కాసేపు నిలవాలి. పై పొర ఎండాక మనం పగుళ్ళ వెంట పడ్డాం. ఏ కాలం నాటి నీళ్ళో అవి. తోడినంత వేగంగా తిరిగి చేరవు.

రాత్రి మిద్దె మీద పడుకున్నప్పుడు తమ్ముడు అడిగాడు. "భూమి వేడెక్కితే సముద్రం నుంచి ఆవిరి ఎక్కువ కదక్కా? అప్పుడు వాన ఎక్కువ పడాలి గదా, నీళ్ళ కొరత ఎందుకొస్తుంది?"

నాకు తెలిసినంతలో చెప్పాను. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు ఏడు శాతం ఎక్కువ తేమ పట్టగలదు. అంటే ఆకాశంలో కడవ పెద్దదైంది. పెద్ద కడవ నిండటానికి ఎక్కువ రోజులు పడుతుంది. ఆ రోజుల్లో అది తేమను సముద్రం నుంచే కాదు, మన చేను నుంచీ, చెరువు నుంచీ, చెట్టు ఆకు నుంచీ లాక్కుంటుంది. నిండాక ఒలికితే ఒకేచోట కుమ్మరిస్తుంది. మన దేశం 1901 నుంచి 2018 మధ్య 0.7 డిగ్రీలు వేడెక్కిందని 2020లో కేంద్ర భూవిజ్ఞాన శాఖ నివేదిక చెప్పింది. 1951 నుంచి 2015 మధ్య నైరుతి వాన ఆరు శాతం తగ్గిందట. ఎక్కువగా తగ్గింది గంగా మైదానంలో, పడమటి కనుమల్లో. అదే సమయంలో మధ్య భారతంలో పెద్ద పెద్ద కుంభవృష్టులు మూడింతలయ్యాయి. తమ్ముడు కాసేపు మాట్లాడలేదు. "పడమటి కనుమలంటే మన తుంగభద్ర, మన కృష్ణ" అన్నాడు తర్వాత.

అర్ధరాత్రి రెండింటికి ఉరుము. చాపలు చుట్టి కిందికి పరిగెత్తాం. నలభై నిమిషాలు, ఎక్కువ తక్కువ. వాకిట్లో దీపం వెలుగులో వాన కొరడాలా నిలువుగా దిగుతుంటే చిన్నాన్న తలుపు దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాడు. "నిదానంగా, నిదానంగా" అంటున్నాడు, ఎడ్లను అదిలించినట్టు.

ఐదో రోజు: వాన తర్వాత

వెలుగు రాకముందే ముగ్గురం చేనుకు నడిచాం. దారిలో వంక ఎర్రగా ఉరుకుతోంది. చెప్పులకు మట్టి అంటుకుని బరువెక్కాయి. తమ్ముడు ఫోన్లో చూసి, మండలంలో 41 మిల్లీమీటర్లు నమోదైందని చెప్పాడు. మంచి వానే. నెమ్మదిగా పడి ఉంటే మూరెడు లోతు తడవాలి.

చిన్నాన్న గడ్డపారతో ఒక్క పోటు వేసి, మట్టి పక్కకు తీసి, చేతిని గుంటలో నిలబెట్టాడు. చూపుడు వేలి నుంచి చిటికెన వేలి దాకా తడి. దాని కింద నిన్నటి పొడి నేలే, తెల్లగా. "నాలుగు వేళ్ళు" అన్నాడు. చేను గట్టు దగ్గర నీళ్ళు కోసిన గాడి చూపించాడు. మిగతా వాన అందులోంచి పోయింది, పోతూ పోతూ పై మట్టిని కూడా తీసుకుపోయింది.

పక్క చేను వరసకు అత్త అయ్యే ఆవిడది. ఆమె రెండేళ్ళుగా మే నెలలోనే, వానలకు ముందే, నవధాన్యాలు చల్లుతోంది. సజ్జ, కొర్ర, కంది, అలసంద, ఆముదం, ఇంకా ఏవేవో. విత్తనానికి బంకమట్టి, పేడ, బూడిద పట్టించి పొడి నేలలోనే వేస్తుంది. నేల ఎప్పుడూ ఖాళీగా ఉండకూడదని ప్రకృతి వ్యవసాయం వాళ్ళు చెప్పారట. కోసిన కొమ్మలు, ఆకులు అక్కడే పరిచింది. ఊళ్ళో కొందరు అది చేను కాదు, చెత్తకుప్ప అన్నారని కూడా చెప్పింది, బాధగానే.

చిన్నాన్న అడిగి అక్కడా గుంట తీశాడు. ఆకుల పొర కింద మట్టి నల్లగా, వానపాముల బొరియలతో ఉంది. చేతిని నిలబెట్టాడు, చాల్లేదు. జాన పరిచాడు. తడి ఇంకా కిందికి ఉంది. మా చేనుకూ ఆమె చేనుకూ మధ్య దూరం ఒక గట్టు. అదే మబ్బు, అదే నలభై నిమిషాలు. చిన్నాన్న ఆ మట్టిని ముద్ద చేసి, విడదీసి, మళ్ళీ ముద్ద చేశాడు. ఏమీ అనలేదు. "నీ విత్తనం ఎక్కడ తెచ్చినావు వదినా?" అని మాత్రం అడిగాడు.

అందరికీ ఇది కుదురుతుందా, పదెకరాల చెనక్కాయ రైతు ఒక్కసారిగా ఇటు మారగలడా, నేను చెప్పలేను. కింద వంకలో పోయిన నీళ్ళకు ఫారం పాండ్ (చేన్లో నీటి కుంట) కావాలి, చెరువు పూడిక తీయాలి, ఏటికి నీళ్ళు వదలాలి. ఆమె చేను ఒక్కటే జిల్లాను ఆదుకోదు. కానీ ఆ జానెడు తడిని నా కళ్ళతో చూశాను.

పది గంటలకు చిత్రావతి దాకా వెళ్ళొచ్చాం. రాత్రి వాన ఇక్కడ ఇసుకను తడిపిందే కానీ పారలేదు. 2021 నవంబరు 19న ఇదే ఏరు చెన్నేకొత్తపల్లి మండలం వెల్దుర్తి దగ్గర జనాన్ని చుట్టేస్తే, పది మందిని వైమానిక దళం హెలికాప్టర్ పైకి లాగింది. ఆ రోజే కడప జిల్లాలో చెయ్యేరు మీది అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళను ఊడ్చుకుపోయింది. తమ్ముడు ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చుని తవ్వాడు. మోచేయి దాకా తవ్వినా నీళ్ళు రాలేదు. నాన్న చెప్పిన ఊట కాలువ ఎటువైపు ఉండేదో చూపించడానికి మాకు అక్కడ ఎవరూ కనిపించలేదు.

మధ్యాహ్నం మూడింటికి నా బస్సు. బస్టాండు దాకా దింపుతానని చిన్నాన్న ముందు రోజే చెప్పాడు. భోజనానికి కూడా రాలేదు. పైచేను రెండెకరాలు ఈ ఏడు విత్తనం వేయకుండా బీడు పెట్టాడు. రాత్రి పదును ఎండెక్కితే సాయంత్రానికి ఆరిపోతుంది. ఆ లోపల ఉలవలు చల్లెయ్యాలి. ట్రాక్టరు దొరకలేదట, పక్కింటి ఎడ్లు అడిగి తెచ్చుకున్నాడు.

తమ్ముడి బండి మీద పోతూ పైచేను దగ్గర ఆగాం. చిన్నాన్న గొర్రు వెనుక నడుస్తున్నాడు, పిన్ని ఉలవల గంపతో పక్కన. నన్ను చూసి చెయ్యెత్తాడు, ఎడ్లను ఆపలేదు. పిన్ని గట్టు దాకా వచ్చి నా చేతిలో ఒక పొట్లం పెట్టింది. వేయించిన చెనక్కాయలు, పోయినేటివి. "పదును ఆరిపోతాంది పాపా, పోయిరా" అని మళ్ళీ సాలు వైపు పరిగెత్తింది.